నీలి రీగీకి నకలు: ఒక నీటిరంగుల పని డైరీ

మే: ఈ చిత్రమే ఎందుకు

ఆంగ్ల చిత్రకారుడు జె.ఎం.డబ్ల్యూ. టర్నర్ 1842లో చిత్రించిన ‘ద బ్లూ రీగీ, సన్‌రైజ్’ అనే నీటిరంగుల చిత్రానికి అసలు కొలతల్లోనే ఒక నకలు గీసే పని ఈ నెలలో మొదలుపెడుతున్నాను. స్విట్జర్లాండులో లూసర్న్ పట్టణం ముందు పరుచుకున్న సరస్సు, నీళ్ళకు ఆవల రీగీ పర్వతం, సూర్యుడు ఇంకా కొండ వెనకే ఉన్న వేకువ, ఆకాశంలో మిగిలి ఉన్న వేగుచుక్క, ముందు భాగంలో చెదిరి లేస్తున్న బాతులు, వాటి వెంటపడిన రెండు కుక్కలు: చిత్రంలో ఉన్నది దాదాపు ఇంతే. ఇప్పుడది లండన్‌లోని టేట్ మ్యూజియం సంగ్రహంలో ఉంది.

టర్నర్ పేరు చెప్పగానే తడి కాగితం మీద రంగులు ఒకదానిలోకి ఒకటి పాకిపోయిన చిత్రాలు చాలామందికి గుర్తుకు వస్తాయి. ఆయన అలాంటివి వందలుగా చేసిన మాట నిజమే. అయితే నీలి రీగీని తెర మీద పెద్దది చేసి పర్వతం ఉన్న చోట నిదానంగా చూస్తే, ఆ నీలం ఒక్క వాష్‌తో, అంటే నీళ్ళు కలిపిన రంగు పూత ఒక్కదానితో, వచ్చింది కాదని తెలుస్తుంది. పలచని వాష్‌లు ఒకదాని మీద ఒకటి ఆరిన తరువాత, వాటి మీద చాలా సన్నని కుంచెతో లెక్కకు అందనన్ని చిన్న గీతలను అడ్డంగా, ఏటవాలుగా అల్లుకుంటూ పోయి, ఆయన ఆ కొండకు బరువు తెచ్చాడు. దూరం నుంచి చూసేవారికి మెత్తని నీలి మంచుగా కనిపించేదంతా దగ్గర నుంచి చూస్తే ఓపికగా గీసిన గీతలే. ఆ ఓపిక ఎలాంటిదో, ఏ వరసలో జరిగిందో నా చేత్తో గీసి తెలుసుకోవాలన్నది ఈ పని ఉద్దేశం. నకలు గీయడం సొంత చిత్రం వేయలేనివారు చేసే పని అన్న అభిప్రాయం మన వైపు బలంగానే ఉంది. నేను దాన్ని ఒప్పుకోను. ఒక చిత్రాన్ని ఎంతసేపు చూసినా కంటికి అందని విషయాలు, దాన్ని తిరిగి కట్టేటప్పుడు మొదటి గంటలోనే ఎదురుపడతాయి.

టర్నర్ మొదటిసారి ఆల్ప్స్‌కు వెళ్ళింది 1802లో, ఇరవై ఏడేళ్ళ వయసులో. జీవితపు చివరి భాగంలో, 1841 నుంచి 1844 వరకు ఏటా స్విట్జర్లాండు వెళ్ళాడు. లూసర్న్‌లో ఆయన దిగిన స్వాన్ సత్రం కిటికీ నుంచి చూస్తే సరస్సుకు ఆవల రీగీ కనిపించేది. ఆ పర్వతం ఎత్తు 1,798 మీటర్లు, సరస్సు నీటిమట్టం 434 మీటర్లు. నీటి అంచు నుంచి కొండ 1,360 మీటర్లకు పైగా లేస్తుందన్నమాట. ఆల్ప్స్‌లోని శిఖరాలతో పోలిస్తే ఇది పెద్ద ఎత్తు కాదు. అయినా చుట్టూ సరస్సుల మధ్య విడిగా నిలబడటం వల్ల దాని ఆకారం పూర్తిగా, అడ్డు లేకుండా కంటికి అందుతుంది. 1842లోనే టర్నర్ దాన్ని మూడు వేర్వేరు వెలుగుల్లో మూడు చిత్రాలుగా పూర్తిచేశాడు. నీలి రీగీ లండన్‌లో, ఎర్ర రీగీ మెల్‌బోర్న్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ విక్టోరియాలో ఉన్నాయి. మూడోదైన చీకటి రీగీ ప్రైవేటు యాజమాన్యంలో ఉంది.

రంగు కలిపే ముందు మనసులో పెట్టుకోవలసిన విషయం ఒకటుంది. రీగీ లూసర్న్‌కు తూర్పు దిక్కున ఉంటుంది. ఉదయం సూర్యుడు దాని వెనక నుంచే రావాలి కనుక పట్టణం వైపు తిరిగిన ముఖమంతా నీడలో ఉండి, ఆకాశపు వెలుగును మాత్రమే అందుకుంటుంది. సాయంత్రం అదే ముఖం మీద పడమటి ఎండ నేరుగా పడుతుంది. నీలి రీగీ నీలంగా, ఎర్ర రీగీ ఎర్రగా ఉండటం చిత్రకారుడు ఊహించి చేసిన అలంకారం కాదని, ఆ రెండూ ఆ చోటి వెలుతురును నమ్మకంగా పట్టుకున్నవని దీన్నిబట్టి తెలుస్తుంది. వేగుచుక్క ఉన్నదీ తూర్పునే కాబట్టి అది కూడా ఉండవలసిన దిక్కులోనే ఉంది.

మే చివర: కొలతలు, కాగితం

అసలు చిత్రం 29.7 సెంటీమీటర్ల ఎత్తు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. ఇంట్లో ప్రయత్నించదలచిన వారికి ఈ కొలత ఒక సదుపాయం. ఏ3 కాగితాన్ని అడ్డంగా పెడితే ఎత్తు సరిగ్గా సరిపోతుంది, వెడల్పుకు మాత్రం మూడు సెంటీమీటర్లు తక్కువవుతుంది. బజారులో దొరికే పూర్తి షీటు 56 × 76 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి, దాన్ని సగానికి కోసి, చుట్టూ అంచు వదిలి ఈ కొలత గీసుకున్నాను. ఇంత ప్రభావం ఉన్న చిత్రం రెండు చేతుల మధ్య పట్టేంత చిన్నదని కాగితం మీద ఆ దీర్ఘచతురస్రం గీసుకున్నాకే నాకు పూర్తిగా మనసుకెక్కింది.

కాగితం విషయంలో తొందర పనికిరాదు. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో, మెయిడ్‌స్టోన్ దగ్గర, వాట్‌మన్ మిల్లులో 1750ల నుంచి వచ్చిన, జల్లెడ గీతలు కనిపించని నున్నని కాగితమే ఆంగ్ల నీటిరంగుల చిత్రకళకు పునాది వేసింది. గుడ్డపేలికల గుజ్జుతో చేసి జెలటిన్ పూత పట్టించిన ఆ కాగితం గట్టిది. నానబెట్టినా, స్పాంజితో తుడిచినా, చాకు మొనతో గీకినా తట్టుకునేది. టర్నర్ పద్ధతులన్నీ ఆ గట్టిదనం మీదే ఆధారపడ్డాయి. ఈ రోజుల్లో దానికి దగ్గరగా నాకు కనిపించింది నూటికి నూరు పాళ్ళు పత్తితో చేసి జెలటిన్ పూత ఇచ్చిన సాండర్స్ వాటర్‌ఫోర్డ్. 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరుకు గ్రాములు) బరువులో గరుకు రకం, నున్నని రకం రెండూ తెప్పించి ముక్కల మీద పరీక్షించాను. గరుకు కాగితం మీద వాష్ హాయిగా దిగింది కానీ, సన్నని గీతలు ఆ గుంటల మీదుగా పోయేటప్పుడు మధ్యమధ్య తెగిపోయాయి. నున్నని కాగితం మీద వాష్ వేయడం కొంచెం కష్టమైనా గీత తెగలేదు. ఈ చిత్రానికి గీతే ప్రాణం కాబట్టి నున్నని రకాన్నే ఎంచుకున్నాను.

విశాఖపట్నంలో ఉండేవారికి ఒక హెచ్చరిక. ఇక్కడి తేమకు జెలటిన్ పూత దెబ్బతింటుంది. ఒక దుకాణం నుంచి వచ్చిన పాత షీటు చూడటానికి బాగానే ఉంది. మూల మీద నీటిబొట్టు వేస్తే మాత్రం అది గుండ్రంగా నిలబడకుండా క్షణంలో కాగితంలోకి ఇంకిపోయింది. అలాంటి కాగితం మీద వాష్ వేస్తే పూత పోయిన చోటల్లా ముదురు మచ్చలు తేలుతాయి, వాటిని తరువాత ఏ ఉపాయంతోనూ కలపలేము. షీటు కొనగానే నాలుగు మూలలా బొట్టు పరీక్ష చేసి, మిగిలిన కాగితాలను సిలికా జెల్ పొట్లాలతో కలిపి ప్లాస్టిక్ సంచిలో మూసి ఉంచడం మంచిది.

జూన్: నీలాల ఎంపిక

చిత్రమంతా నీలమే అయినప్పుడు ఏ నీలం అన్నదే మొదటి నిర్ణయం. 1842 నాటి ఆంగ్ల చిత్రకారుడికి నీలాల కరువు లేదు. ప్రష్యన్ బ్లూ అప్పటికే శతాబ్దం పైగా వాడుకలో ఉంది. కోబాల్ట్ బ్లూను ఫ్రాన్సులో తెనార్ 1802లో తయారుచేశాడు. కృత్రిమ అల్ట్రామెరీన్ 1820ల చివర వచ్చింది. వీటన్నిటికంటే పాతది మన నీలిమందు. పంతొమ్మిదో శతాబ్దంలో భారతదేశం నుంచి ఓడల మీద వెళ్ళిన నీలిమందులో అధికభాగం బట్టల అద్దకానికి పోయినా, నీటిరంగుల బిళ్ళల్లోకి కూడా అది చేరింది. బెంగాలు తరువాత మద్రాసు ప్రెసిడెన్సీలో దాని సాగు బాగా జరిగిన చోట్లలో కడప, నెల్లూరు జిల్లాలు ఉన్నాయి. ఇంగ్లండులోని సరస్సు చిత్రాలకూ మన చేలకూ మధ్య ఇలాంటి సంబంధం ఒకటుందని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషం చిన్నది కాదు.

ఈ నకలుకు మాత్రం నీలిమందును పక్కన పెట్టాను. వెలుతురు తగిలే చోట నీలిమందు వెలిసిపోతుంది. ఇంగ్లండులో నీటిరంగుల చిత్రాలు ఎండకు ఎలా మారుతున్నాయన్న వివాదం ముదిరి, రస్సెల్, ఆబ్నీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1888లో ప్రభుత్వానికి సమర్పించిన నివేదికలో వెలుతురుకు నిలవని రంగుల వరసలో అది కూడా చేరింది. ఈ రోజు ‘ఇండిగో’ అన్న పేరుతో దొరికే ట్యూబుల్లో చాలావాటిలో అసలు నీలిమందు ఉండదు, వేరే నీలానికి నలుపు కలిపి ఆ ఛాయ తెస్తారు. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంటు సంఖ్య, అంటే లోపల ఉన్న అసలు రంగు పదార్థం ఏదో చెప్పే గుర్తు, చూడకుండా కొనకూడదనడానికి ఇదొక కారణం.

చివరికి తీసుకున్నవి రెండే నీలాలు: కోబాల్ట్ (పీబీ28), అల్ట్రామెరీన్ (పీబీ29). ప్రష్యన్ బ్లూ ఛాయ వేకువకు బాగా పనికివస్తుంది, కానీ అది కాగితపు పోగుల్లోకి దిగి మరక వేస్తుంది, స్పాంజితో తుడిచినా వదలదు. మంచును తుడిచి తీయవలసిన చిత్రానికి తుడిస్తే వదిలే రంగు కావాలి, కోబాల్ట్ ఆ పని చక్కగా చేస్తుంది. ఆకాశపు వెచ్చదనానికి పలచని రా సియెన్నా (పసుపు మట్టి రంగు), దాని అంచున గులాబీ ఛాయకు క్వినాక్రిడోన్ రోజ్, నీడలను మట్టుపెట్టడానికి కొద్దిగా లైట్ రెడ్ (ఎర్ర మట్టి రంగు) తీసుకున్నాను. నలుపు పెట్టెలో లేదు.

జూన్ చివర: చిన్న నమూనా

టర్నర్ ఈ చిత్రాలను నేరుగా పూర్తి రూపంలో మొదలుపెట్టలేదు. స్విట్జర్లాండు నుంచి వచ్చాక కొన్ని చిన్న రంగుల నమూనాలు చేసి, థామస్ గ్రిఫిత్ అనే వర్తకుడికి ఇచ్చాడు. కొనదలచినవారు నమూనా చూసి ఎంచుకుంటే, దాన్ని పూర్తి చిత్రంగా చేసి ఇవ్వాలన్నది ఒప్పందం. పనితనం ఎలా ఉంటుందో తెలియడానికి నాలుగింటిని మాత్రం ముందే పూర్తిచేసి చూపించాడు, వాటిలో నీలి రీగీ ఒకటి. దాన్ని తిమింగలపు నూనె వ్యాపారంలో ధనవంతుడైన ఎల్హానన్ బిక్‌నెల్ కొన్నాడు. ఒక్కో చిత్రం ధర ఎనభై గినీలు (గినీ అంటే ఆనాటి లెక్కలో పౌండు కంటే కొంచెం ఎక్కువ). అంత పేరున్న చిత్రకారుడికి కూడా ఈ పద్ధతిలో అమ్మాలనుకున్న పది చిత్రాలకు కొనేవారిని వెతకడం సులభం కాలేదన్నది నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

ఆయన క్రమాన్నే పాటిస్తూ నేనూ ముందు అరచేతి వెడల్పున్న నమూనా ఒకటి చేశాను. ఇందులో గీతలు లేవు, వెలుగు నీడల లెక్క మాత్రమే ఉంది. తెర మీది బొమ్మను నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే, ఈ చిత్రంలో నిజమైన ముదురు చాలా తక్కువ చోట్ల ఉందని తేలింది. పర్వతం మనం అనుకునేంత ముదురు కాదు. మధ్యస్థమైన ఛాయ అది. వెనక ఆకాశం చాలా లేతగా ఉండటం వల్ల కొండ బరువుగా కనిపిస్తుంది. అసలు ముదురు ముందు భాగంలో, నీటి అంచున, కొన్ని చిన్న మచ్చలుగా ఉంది. పర్వతాన్ని మొదటే ముదురు చేసేస్తే ముందు భాగానికి ఇంకా ముదురుకు వెళ్ళడానికి ఛాయలో మెట్లు మిగలవని ఈ నమూనాలోనే అర్థమైంది. అందువల్ల కొండకు ఎంతవరకు వెళ్ళవచ్చో చూపే ఛాయను ఒక కాగితపు ముక్క మీద వేసి, పలక పక్కనే అంటించి పెట్టుకున్నాను.

జూలై: మొదటి వాష్‌లు

కాగితాన్ని టబ్బులో నానబెట్టి, ప్లైవుడ్ పలక మీద పరిచి, నాలుగు వైపులా గమ్ టేపుతో బిగించి ఆరనిచ్చాను. ఆరేకొద్దీ కాగితం బిగుసుకుని, ఆపై ఎంత తడి చేసినా ఉబ్బకుండా ఉంటుంది.

మొదట ఆకాశం. శుభ్రమైన నీటితో పైభాగమంతా తడిపి, కొండ వెనక నుంచి వెలుగు వచ్చే చోట రా సియెన్నాను చాలా పలచగా వదిలి, పలకను తలకిందులుగా వంచి, మరోవైపు నుంచి కోబాల్ట్‌ను కిందికి దించాను. ఈ రెండూ కలిసే చోట ఆకుపచ్చ ఛాయ రాకుండా చూడటం ముఖ్యం. పసుపు ఛాయ ఆరిన తరువాతనే, మధ్యలో లేత గులాబీ పట్టీ ఒకటి వేసి, దాని మీదుగా నీలాన్ని పలచబరిస్తే ఆ ఇబ్బంది ఉండదు. వర్షాకాలపు గాలిలో తడి నిదానంగా ఆరడం ఈ దశలో వరమే అయింది. ఎండాకాలంలో వాష్ మధ్యలోకి వచ్చేసరికి పై అంచు ఆరిపోయి గీత కడుతుంది, ఇప్పుడు ఛాయను సర్దుకోవడానికి కావలసినంత వ్యవధి దొరికింది.

మా వీధిలో ఉండే రిటైరైన డ్రాయింగు మాస్టారు ఒక సాయంత్రం వచ్చి పలకను కిటికీ వైపు ఏటవాలుగా వంచి చూశారు. “మెరుపు పోయింది కదా అని కుంచె పెట్టేయకమ్మా, వేళ్ళ వెనక వైపు ఆనించి చూడు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే,” అన్నారు. అది పాత పద్ధతి, తప్పు చెప్పని పద్ధతి. పైకి ఆరినట్టు కనిపించిన కాగితం ఆ రోజు చాలాసేపు చల్లగానే ఉంది. ఆరని వాష్ మీద ఇంకో వాష్ వేస్తే కింది రంగు లేచి బురదవుతుంది. నీటిరంగును కాగితానికి పట్టి ఉంచేది తుమ్మబంక, తడి తగలగానే అది మళ్ళీ కరగడానికి సిద్ధంగా ఉంటుంది.

పర్వతానికీ సరస్సుకూ కలిపి ఒకే నీలి వాష్ వేశాను. ఈ చిత్రంలో ఆ రెండింటి మధ్య తీరాన్ని గట్టి గీతగా చూపలేదు, వేకువ మంచు ఆ అంచును మింగేసింది. వాష్ సగం ఆరుతుండగా ఆ చోటును తడిపి పిండిన స్పాంజితో ఒకసారి, ఒకే ఒకసారి అద్ది తీశాను. కోబాల్ట్ లేచి వచ్చి కింది కాగితపు తెల్లదనం లేతగా బయటపడింది. ఇక్కడ మంచు వేసినది కాదు, తీసినది.

ఆగస్టు: పర్వతం

ఈ నెలంతా గీతలే.

పద్ధతి ఇది. సేబుల్ వెంట్రుకల 0 నంబరు కుంచెను రంగులో ముంచి, గుడ్డ మీద ఒత్తి, దాదాపు పొడిగా చేసి, మొనతో మాత్రమే కాగితాన్ని తాకాలి. గీత పొడవు మూడు నాలుగు మిల్లీమీటర్లు మించదు. తాకి వెంటనే ఎత్తేయాలి, కుంచె అక్కడే ఆగితే కింది వాష్‌లోని తుమ్మబంక కరిగి గీత చుట్టూ లేత మచ్చ ఏర్పడుతుంది. మొదటి వరస గీతలు కొండవాలు వెంట పై నుంచి కిందికి పోతాయి. అవి పూర్తిగా ఆరాక రెండో వరస వాటికి అడ్డంగా, కొంచెం ఏటవాలుగా పడుతుంది. నేతలో పడుగూ పేకా కలిసి బట్ట అయినట్టు, ఈ రెండు వరసలూ కలిసినప్పుడే అక్కడ కొండ ఉపరితలం పుడుతుంది. ఒక్క వరసతో ఆపితే అది వట్టి గీతలుగానే కనిపిస్తుంది.

ఇదే ముదురును ఒక చిక్కని వాష్‌తో అరగంటలో తేవచ్చు కదా అన్న ప్రశ్న న్యాయమైనదే. తేడా ఏమిటో చూడటానికి ఒక విడి ముక్క మీద సగం వాష్‌తో, సగం గీతలతో ఒకే ఛాయ తెచ్చి పక్కపక్కన పెట్టాను. వాష్ వేసిన సగం ముందుకు వచ్చి, బల్లపరుపుగా, గోడగా నిలిచింది. గీతలు గీసిన సగంలో రెండు గీతల మధ్య మిగిలిన లేత ఛాయ కంటికి విడిగా కనిపించకపోయినా, దాని వెలుగు నీలంలో కలిసిపోయి, ఆ భాగమంతా గాలి నిండినట్టు, కొంత దూరంలో ఉన్నట్టు అనిపించింది. నీడలో ఉన్నా వెలుతురును పూర్తిగా పోగొట్టుకోని కొండను చూపాలంటే గీతల మధ్య ఆ ఖాళీలు ఉండాలి. టర్నర్ ఇంత శ్రమపడింది నైపుణ్యం చూపడానికి కాదని, ఈ ఫలితం మరో దారిలో రాదు కాబట్టేనని ఆ ముక్క చూశాక నాకు గట్టి నమ్మకం కుదిరింది.

రంగులోనూ మార్పు అవసరమైంది. కోబాల్ట్ వాష్ మీద కోబాల్ట్ గీతలే గీస్తే ఛాయ ముదిరినా చల్లదనం ఒకే తీరుగా ఉండి కొండ అట్టముక్కలా తేలుతుంది. శిఖరం దగ్గర అల్ట్రామెరీన్‌కు లైట్ రెడ్ ఒక్క చుక్క కలిపి కొంచెం ఊదా వైపు తిప్పాను. కిందికి దిగేకొద్దీ ఎరుపు తగ్గించి, నీటి దగ్గర ఒట్టి కోబాల్ట్‌ను, అదీ బాగా పలచగా, అక్కడక్కడ మాత్రమే వాడాను. పైన గీతలు దగ్గర దగ్గరగా, కింద ఎడంగా పడ్డాయి. మంచు మొదలయ్యే చోట ఇంకే గీతా లేదు. కొండ మొదలంటా దిగకుండా, మధ్యలోనే కరిగిపోయినట్టు కనిపించడానికి కారణం ఇదే.

ఆకాశానికి ఆనుకున్న శిఖరపు అంచు దగ్గర ఎక్కువ సమయం గడిచింది. ఆ అంచు అంతటా ఒకే పదునుతో ఉండకూడదు. వెలుగు వచ్చే వైపు అది స్పష్టంగా, అవతలి వైపు కొంచెం మెత్తగా ఉండాలి. అంచు మీద గీత లాగకుండా, లోపలి నుంచి వచ్చే చిన్న గీతలన్నీ అక్కడికి వచ్చి ఆగేలా చేస్తే, అంచు దానంతట అదే ఏర్పడుతుంది. మాస్టారు మళ్ళీ వచ్చినప్పుడు “ఇంకెన్నాళ్ళు గీస్తావమ్మా?” అని అడిగారు. “కొండకు బరువు వచ్చేదాకా మాస్టారూ,” అన్నాను. ఆయన నవ్వలేదు. కళ్ళజోడు సర్దుకుని, నేను పలక పక్కన అంటించుకున్న ఛాయ ముక్కతో కొండను పోల్చి చూసి, “ఇంకో మెట్టు ఉంది,” అని మాత్రం అన్నారు. నిజంగానే ఉంది.

చేయి నొప్పి పుట్టి ఆపిన ఒక రోజున ఈ చిత్రం ఇటీవలి చరిత్ర మళ్ళీ చదివాను. 2006 జూన్‌లో లండన్ క్రిస్టీస్ వేలంలో నీలి రీగీ 58 లక్షల పౌండ్లకు అమ్ముడుపోయింది. చిత్రం దేశం దాటిపోకుండా బ్రిటిష్ ప్రభుత్వం ఎగుమతికి కొంతకాలం అడ్డుకట్ట వేసింది. ఆ గడువులో 49.5 లక్షల పౌండ్లు సమకూర్చి టేట్ దాన్ని 2007లో సొంతం చేసుకుంది. ఆ డబ్బులో అధికభాగం టేట్ సొంత నిధులు, జాతీయ వారసత్వ నిధి సహాయమే అయినా, కళాకృతుల కొనుగోలుకు సహాయపడే ఆర్ట్ ఫండ్ అనే సంస్థ నడిపిన ప్రచారంలో సామాన్య ప్రజలు ఐదున్నర లక్షల పౌండ్లకు పైగా ఇచ్చారు. ఐదు పౌండ్లు ఇస్తే చిత్రంలో ఒక కుంచె గీత కొన్నట్టు అన్నది ఆ ప్రచారం పద్ధతి. ఎవరి ఆలోచనో గానీ, ఈ చిత్రానికి అంతకంటే తగిన పద్ధతి ఇంకొకటి ఉండదు. గీతలతోనే కట్టిన కొండను గీతల లెక్కన ప్రజలకు పంచారు. ఆ ఏడాది మొదట్లో మూడు రీగీలనూ టేట్‌లో ఒకేచోట పెట్టి చూపించారు కూడా.

సెప్టెంబరు: నీటిలో కొండ

సరస్సులోని ప్రతిబింబాన్ని కొండకు తలకిందులు నకలుగా గీస్తే అది నీరుగా కనిపించదు. నిశ్చలమైన నీరు కూడా తన మీద పడిన వెలుగునంతా తిప్పి పంపదు. కొంత లోపలికి తీసుకుంటుంది, లోపలి నుంచి కొంత చెదిరిన వెలుగును పైకి పంపుతుంది. అందువల్ల లేత ఆకాశం నీటిలో కొంచెం ముదురుగా, ముదురు కొండ నీటిలో కొంచెం లేతగా కనిపిస్తుంది. రెండు చివరలూ మధ్యకు జరుగుతాయన్నమాట. దీన్ని పాటిస్తూ, ప్రతిబింబంలో కొండకు ఒక మెట్టు తక్కువ ఛాయను పెట్టుకుని, గీతలను వాలు వెంట కాకుండా నిలువుగా మొదలుపెట్టి, తరువాత చాలా పలచని అడ్డగీతలతో వాటిని కోశాను. ఆ అడ్డగీతలు పడిన చోటల్లా నీటి మట్టం తెలిసింది. ప్రతిబింబపు కింది అంచును కావాలనే తేల్చకుండా వదిలేశాను. చిన్న అలలున్న చోట అది సాగి, విడిపోయి, ముందు భాగపు నీటిలో కలిసిపోవాలి.

ఈ దశ కొండంత కష్టపెట్టలేదు. కొండలో నేర్చినదాన్ని ఇక్కడ వాడటమే.

సెప్టెంబరు చివర: ముందు భాగం, వేగుచుక్క

ఇంత నిశ్శబ్దమైన చిత్రంలో ముందు భాగం మాత్రం గోలగా ఉంటుంది. తుపాకి మోతకు బాతులు నీటి మీద నుంచి లేస్తున్నాయి, కుక్కలు వాటి వెంటపడుతున్నాయి. ఇవి లేకపోతే చిత్రం మరింత ప్రశాంతంగా ఉండేది కదా అని ఆలోచించి, విడి కాగితం మీద ఆ భాగం లేకుండా ఒక చిన్న నమూనా వేసి చూశాను. సరస్సు వెంటనే చిన్నదైపోయింది. ఈ బాతులు, కుక్కలే కొలబద్దలని, వాటి వల్లే నీటి వెడల్పు, కొండ దూరం, ఎత్తు మన కంటికి తెలుస్తున్నాయని అప్పుడు స్పష్టమైంది. అంతకంటే ముఖ్యం, ఆ ముదురు మచ్చలు పడ్డాకే పర్వతం తన మధ్యస్థ ఛాయలోకి వెనక్కి జరిగింది. జూన్‌లో నమూనా చెప్పిన లెక్క ఇక్కడ సరిపోయింది.

బాతుల రెక్కల మీది తెలుపు, నీటి తుంపరలు రంగుతో వేసినవి కావు. తెల్ల రంగు వేస్తే అది కాగితం పైన సుద్దగా కూర్చుంటుంది. టర్నర్ తన నీటిరంగుల్లో ఇలాంటి వెలుగులను గీకి తీసేవాడు. అందుకోసం బొటనవేలి గోరును పెంచుకునేవాడని కూడా చెబుతారు. నేను సర్జికల్ బ్లేడు మొన వాడాను. కాగితం పూర్తిగా ఎండి ఉండాలి, తేమ ఉంటే పోగు చిరిగి లేస్తుంది. ఇందుకోసమే వాన లేని రోజును ఎంచుకుని, గదిలో ఏసీ కొంతసేపు నడిపి, ఆ తరువాతే బ్లేడు పట్టుకున్నాను. మొనను దాదాపు పడుకోబెట్టి, పైపొర మాత్రమే లేచేలా ఒక్క విసురుతో గీకితే, నీలం కింద నుంచి పదునైన తెలుపు బయటికి వస్తుంది. ఆ తెలుపు పక్కన ఆకాశపు లేత భాగం కూడా రంగుగానే కనిపిస్తుంది. చిత్రంలో అతి వెలుగైన చోట్లు ఇవేనని, వాటిని చివరి వరకు కాగితంలోనే దాచి ఉంచారని అప్పుడు చేతికి తెలిసింది.

వేగుచుక్కను అన్నిటికంటే చివర తీశాను. అది గుండ్రని చుక్క కాకూడదు, పెద్దది అసలే కాకూడదు. బ్లేడు మొనను నిలువుగా పెట్టి ఒక్కసారి తిప్పాను. చుట్టూ ఉన్న నీలం సరిపడినంత ముదురుగా ఉంటేనే అది చుక్కగా నిలుస్తుంది కాబట్టి, దానికి ముందు ఆ చోట రెండు పలచని వాష్‌లు అదనంగా వేసి ఆరనిచ్చాను.

అక్టోబరు: పూర్తయిన తరువాత

పలక నుంచి కోసి తీసిన చిత్రాన్ని ఆమ్లం లేని మౌంటు బోర్డులో అమర్చి, గాజుకు తగలకుండా ఫ్రేము కట్టించాను. నీటిరంగుల చిత్రాలను మ్యూజియాలు 50 లక్స్‌కు (లక్స్ వెలుతురు కొలమానం) మించని వెలుతురులో, అదీ కొంతకాలమే ప్రదర్శించి మళ్ళీ చీకటి గదికి పంపుతాయి. నేను వాడిన రంగులు వెలుతురుకు నిలిచేవే అయినా, సముద్రపు గాలీ ఎండా నేరుగా తగిలే ముందు గది గోడను వదిలేసి, లోపలి నడవలో కిటికీకి దూరంగా మేకు కొట్టించాను. ఫ్రేము వెనక సన్నని కార్కు ముక్కలు పెట్టడం వల్ల గోడ తేమ నేరుగా సోకదు.

అసలు చిత్రపు బొమ్మతో పోలిస్తే నా కొండ కింది భాగంలో గీతలు కొంచెం ఎడంగా ఉన్నాయి, శిఖరం దగ్గర మాత్రం సాంద్రత బాగా దగ్గరికి వచ్చింది. ప్రతిబింబం నాకు పూర్తిగా తృప్తినిచ్చింది. తరువాతి పని ఎర్ర రీగీ. అందులో కొండ ముఖం మీద సాయంకాలపు ఎండ నేరుగా పడుతుంది కాబట్టి వెచ్చని రంగు కింద ఉండి, నీలపు గీతలు దాని మీద పలచగా పడాలా, లేక నీలం ఆరాక గులాబీ గీతలు పైన రావాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రెండు క్రమాలనూ పరీక్షించడానికి అదే నున్నని కాగితం నుంచి కోసిన ముక్కలు, క్వినాక్రిడోన్ రోజ్, ఒక కొత్త 0 నంబరు కుంచె బల్ల మీద సిద్ధంగా పెట్టాను.